మైనస్ నాలుగు ఆంపియర్లు

మంథని,
9 జూలై 2023

బిడ్డా ప్రణతీ,

దేవుడు నీకు చదువిచ్చాడు. దానికి తోడు ఈ ముసలివాడిని భరించే ఓపిక కూడా ఇమ్మని ఆయన్ను అడిగి ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను.

ఫోను చేయక కాగితమేమిటని నవ్వకు. ముప్పై ఏళ్లు మైకు ముందర అరిచిన పాపానికి నా చెవులు ఎన్నడో పోయాయి. ఫోనులో నీ మాట నాకు తేనెటీగల చప్పుడు. పైగా నేను నేర్చుకోవాలనుకుంటున్నది బొమ్మ గీసి చెప్పే విద్య.

వచ్చే నెల ఆరో తారీఖుకు మీ బాపు పోయి ఏడాది. నా తమ్ముడు విద్యాధర్ బోరు దగ్గర బురదలో నిలబడి, వాల్వు తిప్పుదామని ఇనుప పైపు మీద చెయ్యి వేసి, వేసినవాడు వేసినట్టే ఒరిగిపోయాడు. కేసు ఇంకా వాయిదాల మీద నడుస్తోంది. మోటారు మెకానిక్కు ముత్యం ఆసిఫాబాద్‌లో అత్తగారింట్లో దాక్కుని వాయిదా వాయిదాకు వచ్చి తలవంచుకుని పోతున్నాడు.

మన దిక్కున ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు వేసేవాడు ముందు మూడుసార్లు కేక వేయాలి. చేలల్లో ఉన్నవాళ్లు "ఆఁ, ఎయ్యి" అనాలి. అప్పుడే వేయాలి. ఇది రాసిన చట్టం కాదు, రాసిన చట్టం కన్నా గట్టిది. ఆ శనివారం సాయంత్రం ముత్యం కేక వేయలేదు. నేను బోరు పక్కనే, గట్టు మీది భజన మండపంలో బోధ చెబుతున్నాను. కరెంటు లేదు, మైకు లేదు. నాకు ఏ కేకా వినపడలేదు. పోలీసులకు అదే చెప్పాను. ఉన్నట్టుండి లైట్లు వెలిగాయి. "జ్ఞానజ్యోతి వచ్చింది!" అన్నాను. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలోనే మీ బాపు పోయాడు.

ఆనాటి నుంచి ప్రతి శనివారం మైకులో చెబుతున్నాను: కేక వేయనివాడు హంతకుడు అని. వకీలు మాత్రం నన్ను పక్కకు పిలిచి, "రావుసాబ్, కోపంతోని కేసు నిలువది. పైపుకు కరెంటు యాడికెంచి వచ్చిందో లెక్క సూపియ్యాలె," అని కాగితం మీద రాసి చూపించాడు. తనిఖీకి వచ్చిన అధికారి పగటిపూట పైపు మీద మీటరు పెట్టి, సున్నా అని రాసుకుని, చాయ్ తాగి పోయాడు. ఆయన రిపోర్టులో పనికొచ్చే అంకె ఒక్కటే. పైపు నుంచి భూమిలోకి నిరోధం 21 ఓములు.

నేను వదలలేదు. మూడు శనివారాలు, భజన నడుస్తుండగా నా మీటరు పట్టుకుని పోయి చూశాను. మూడుసార్లూ పైపు మీద 84 వోల్టులు! పగలు సున్నా, సాయంత్రం 84. ముత్యం చుట్టిన మోటారు వైండింగు, అంటే లోపలి తీగచుట్ట, సాయంత్రపు చెమ్మకు కరెంటు కారుస్తున్నదన్నమాట. నువ్వు కరెంటు చదువుతున్నావు. ఆ లెక్క నాకు నేర్పు. సంస్కృతం ఎవరూ నేర్పకుండా నేర్చుకున్నవాణ్ణి, ఇది ఎంత?

మీ అవ్వ, నా మరదలు లీలాబాయి బాగానే ఉంది. మాట్లాడదు, అంతే.

నీ పెద్దబాపు,
గోపాల్‌రావు


కరీంనగర్,
18 జూలై 2023

పెద్దబాపూ, దండాలు.

నీ ఉత్తరం హాస్టల్లో నాలుగు చేతులు మారి నాకు అందింది. "గీ కాలంల ఉత్తరాలు రాసేటోడు ఎవడే?" అని అందరూ గుమిగూడారు. కవరు మీద నీ రాత చూసి మా రూమ్మేటు దీక్షిత, "మీ పెద్దబాపు అచ్చరాలు గూడ అరుస్తున్నయే," అంది.

నీకొక నిజం చెప్పాలి. సర్క్యూట్ల పేపరు నేను తప్పాను. బాపు పోయాక రాసిన పరీక్ష అది. నవంబరులో మళ్లీ రాయాలి. నీకు చెబుతూ నేనూ నేర్చుకుంటాను. బాపును చంపింది ఎవరో అంకెల్లో చూడాలని నాకూ ఉంది. ముత్యం మామ మా సైకిలుకు డైనమో బిగించి ఇచ్చినవాడు. అందుకే కోపం ఇంకా ఎక్కువ.

కిర్కాఫ్ అనే ఆయన రెండు నియమాలు చెప్పాడు. మొదటిది కరెంటుది. వైర్లు కలిసే చోటును కూడలి అనుకో. కూడలిలోకి ఎంత కరెంటు వస్తుందో అంతే బయటికి పోతుంది. అక్కడ కొంచెం కూడా నిలవ ఉండదు, మాయం కాదు. చేలో కాలువ మూడు పాయలు చీలే చోట నీళ్ల లాగే.

చేసే పద్ధతి ఇది. కూడలిని ముట్టుకునే ప్రతి వైరునూ లెక్కపెట్టు. ఒక్కటి మరిచిపోయినా లెక్క అబద్ధమవుతుంది. చూడ్డానికి మాత్రం సరిపోయినట్టే ఉంటుంది, అదే ప్రమాదం. తర్వాత ఒక్కో వైరు మీద కరెంటు నడిచే దిక్కుకు బాణం గీయి. దిక్కు తెలియకపోతే నీకు తోచినట్టు గీయి. మా మేడం అంటుంది: "జవాబు మైనస్ వస్తే దడుచుకుని కొట్టేయకండి. అంకె సరైనదే. మీరు ముందుగా అనుకున్న దిక్కే తప్పు. బాణం తిప్పుకోండి, అంతే."

అవ్వను మాట్లాడమను. నాతోనూ మాట్లాడటం లేదు.

ప్రణతి


మంథని,
30 జూలై 2023

జ్ఞానదాతవైన బిడ్డకు,

గోదావరి ఊరి అంచు దాకా వచ్చి చూసి పోయింది. నాట్లు మునిగాయి. నీ ఉత్తరం మాత్రం తడవకుండా చేరింది, అది భగవత్సంకల్పం.

కిర్కాఫ్ మహర్షికి నమస్కారం పెట్టాను. పూర్ణం నుంచి పూర్ణాన్ని తీస్తే పూర్ణమే మిగులుతుందని మన ఋషులు అన్నారు. ఈయన కూడలిలో అన్నీ కూడితే సున్నా అంటున్నాడు. రెండూ ఒకటేనని నిన్న శనివారం గంటన్నర చెప్పాను. సుద్దముక్కతో నల్లబల్ల మీద బాణాలు గీశాను. "అనుకున్న దిక్కు తప్పయితే బాణం తిప్పుకో! ఇంత వినయం మీకున్నదా?" అని అడిగాను. ముసలివాళ్లు కళ్లు తుడుచుకున్నారు.

ఇక లెక్క. కూడలి అంటే బోరు పైపు. దాన్ని ముట్టుకునేవి మూడు. ఒకటి ముత్యం చుట్టిన మోటారు. రెండు భూమి. మూడు నా తమ్ముడి చెయ్యి. ఎనభై నాలుగును ఇరవై ఒకటితో భాగిస్తే నాలుగు. అంటే నాలుగు ఆంపియర్లు పైపులోంచి భూమిలోకి పోతున్నాయి. పోయేవి నాలుగైతే వచ్చేవీ నాలుగు. వచ్చే దారి ఒక్కటే, మోటారు! చూశావా? ముత్యం మెడకు ఉరి నాలుగు పేటలు.

నీవు చదివే చదువుకూ భగవంతుడి లీలకూ పోటీ పెట్టొద్దు గానీ, ఒక విచిత్రం చెప్పనా? మన మండపం లైట్లు మూడేళ్లుగా ఒక్క వైరు మీదే వెలుగుతున్నాయి. స్తంభం నుంచి వచ్చే రెండో వైరును దొంగలు కోసుకుపోతే, నేనే తెలివి చేసి రెండో కొసను భూమిలోకి ఇచ్చాను. భూదేవి ఎంత కరెంటునైనా మింగుతుంది, కిక్కురుమనదు. లైట్లు కొంచెం మసకగా, గర్భగుడి దీపాల్లా వెలుగుతాయి. మీ కిర్కాఫ్‌కు ఇది తెలుసా?

నీ శిష్యుడు, నీ పెద్దబాపు
గోపాల్‌రావు


కరీంనగర్,
12 ఆగస్టు 2023

పెద్దబాపూ, దండాలు.

బాపు సంవత్సరీకానికి రాలేకపోయాను. ల్యాబు పరీక్ష పెట్టారు. అది సాకు కాదని నువ్వు నమ్ము, అవ్వ నమ్మదు.

నీ లెక్కలో భాగహారం సరిగ్గా ఉంది. కానీ కొన్ని అడగాలి. నువ్వు 84 చూసినప్పుడు మోటారు స్టార్టరు ఎత్తి ఉందా, దించి ఉందా? దించి ఉంటే మోటారులోకే కరెంటు రాదు, పైపుకు ఎలా ఇస్తుంది? అనుమానం తీరాలంటే మోటారు ఫ్యూజులు మూడూ పీకేసి మళ్లీ చూడు.

ఇంకొకటి. మండపం రెండో కొస భూమిలోకి ఇచ్చానన్నావు. భూమిలో ఎక్కడ?

భూమి మింగదు పెద్దబాపూ. కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర బయల్దేరితే మళ్లీ ట్రాన్స్‌ఫార్మర్‌కే చేరాలి. వైరు లేకపోతే మట్టిలోంచి, నీళ్లలోంచి, ఏది దొరికితే దానిలోంచి పోతుంది. అదే రెండో నియమానికి దారి. అది వోల్టులది. ఒక చుట్టు మొత్తం తిరిగి బయల్దేరిన చోటికే వస్తే, ఎక్కిన వోల్టులూ దిగిన వోల్టులూ సమానం కావాలి. 230 ఎక్కితే ఆ 230 దారిలో ఎక్కడెక్కడ ఎంతెంత దిగిందో పూర్తిగా లెక్క తేలాలి. తేలకపోతే దారిలో మనం చూడనిది ఇంకేదో ఉన్నట్టు.

శనివారం లైట్లు, ఫ్యాన్లు, మైకు అన్నీ వేసి, మండపం బోర్డు దగ్గర రెండు కొసల మధ్య ఎన్ని వోల్టులున్నాయో చూసి రాయి. చెప్పులు వేసుకుని చూడు. పైపును ఎవరూ ముట్టకుండా చూడు.

ప్రణతి


మంథని,
27 ఆగస్టు 2023

ప్రణతికి ఆశీస్సులు.

ఈ లోకంలో దొంగతనం ఎంత పెరిగిందో నీ మూలంగా తెలిసింది. మండపం బోర్డు దగ్గర ఎన్ని వోల్టులో తెలుసా? 146! అక్షరాలా నూట నలభై ఆరు! స్తంభం మీద చూస్తే 230 ఉంది. మిగిలిన 84 ఎవరు తిన్నారు? దేవుడి ఇంటికి వచ్చే కరెంటులో కూడా కోత పెట్టే ఈ కరెంటోళ్ల మీద రెండు పేజీల ఫిర్యాదు రాసి పంపాను. దేవుడి సొమ్ము తిన్నవాడు పదమూడు జన్మలు పురుగై పుడతాడని అందులో శ్లోకంతో సహా రాశాను.

స్టార్టరు దించే ఉంది. ఫ్యూజులు నువ్వు చెప్పినట్టే పీకాను. అయినా పైపు మీద 84 ఉంది. ముత్యం ఎంత పాపిష్టివాడో చూడు, వైరు లేకున్నా వాడి వైండింగు కారుతోంది.

రెండో కొస ఎక్కడ ఇచ్చానా? బోరు పైపుకే. రెండు వందల అడుగులు లోతుకు దిగిన ఇనుము కన్నా మంచి భూమి ఎక్కడ దొరుకుతుంది? ఏకాదశి నాడు నా చేతులతోనే చుట్టాను. క్లాంపు కూడా రాగిది పెట్టాను. దేవుడి పనిలో పిసినారితనం చేయలేదు.

పాఠం ఆపకు. వాయిదా సెప్టెంబరు చివర్లో ఉంది.

గోపాల్‌రావు


కరీంనగర్,
4 సెప్టెంబరు 2023

పెద్దబాపూ,

నీ మీటరు పాతది. ఆ అంకెలు నమ్మలేం. నాకు పరీక్షలు దగ్గరపడుతున్నాయి. ఈ లెక్క ఇక్కడితో వదిలేద్దాం. వకీలు ఏదో ఒకటి చూసుకుంటాడు.

వానలకు మండపం చుట్టూ తడి ఉంటుంది. భజనకు పిల్లల్ని తీసుకురావద్దని చెప్పు. బోరు దిక్కు అసలే పోనీయకు.

అవ్వను జాగ్రత్తగా చూసుకో.

ప్రణతి


మంథని,
12 సెప్టెంబరు 2023

ప్రణతీ,

నువ్వు వదిలేద్దామంటే సరే అనుకున్నాను. శత్రువు మాత్రం వదల్లేదు.

మొన్న ఏకాదశి భజనకు స్విచ్చు వేస్తే మండపంలో ఒక్క లైటు వెలగలేదు. పోయి చూస్తే బోరు పైపుకు నేను చుట్టిన వైరును ఎవడో కటింగు ప్లేయరుతో కోశాడు. క్లాంపు కూడా ఊడబీకాడు. మన ఊళ్లో ప్లేయరు పట్టి అంత నున్నగా కోయగల చెయ్యి ఒక్కటే. ముత్యం! వాయిదాకు వచ్చినప్పుడో, మనుషులతోనో చేయించాడు. తమ్ముణ్ణి తిని చాలక దేవుడి దీపం ఆర్పాడు. భజనలో హార్మోనియం వాయించే నరేశ్‌ను అడిగితే, "నాకెర్క లేదు పెద్దయ్యా," అని నా చెవిలో అరిచి నేల చూపులు చూశాడు. వాడికీ భయమే.

నేను ఊరుకుంటానా? అన్యాయం చూసి ఊరుకోవడం అన్యాయం చేయడం కన్నా పెద్ద పాపం. స్టేషనుకు పోయి కాగితం ఇచ్చాను. నిన్న ముత్యాన్ని ఆసిఫాబాద్ నుంచి పట్టుకొచ్చారు. రెండు దెబ్బలు వేసి పంపారని వకీలు రాసి చూపించాడు. వేయనీ.

వైరు మళ్లీ చుట్టాను. ఈసారి రెండు క్లాంపులు పెట్టాను.

గోపాల్‌రావు


కరీంనగర్,
16 సెప్టెంబరు 2023

పెద్దబాపూ,

వైరు కోయించింది నేను.

నీ 146 చూసిన రోజే అవ్వకు ఫోను చేసి, నరేశన్నతో ఆ వైరు తీయించమన్నాను. ఎందుకో అవ్వకు చెప్పలేదు. నీకూ చెప్పలేకపోయాను. మీటరు పాతదని అబద్ధం రాశాను. నా అబద్ధానికి ముత్యం మామ దెబ్బలు తిన్నాడు.

ఇప్పుడూ నా చేత చెప్పించకు. నీ చేతులతో నువ్వే చూడు. చెప్పులు వేసుకుని, మండపంలో అన్నీ వేసి, వైరు ఉంచి పైపు మీద చూడు. కరెంటు ఆపి, వైరు విప్పి, మళ్లీ వేసి చూడు. మోటారు ఫ్యూజులు పెట్టొద్దు. తర్వాత కూడలికి నాలుగో బాణం గీయి. ఆ వైరును ఇన్నాళ్లూ లెక్కపెట్టనేలేదు.

ఈ ఉత్తరం రాత్రి బస్సులో వచ్చే మన ఊరి వాళ్ల చేతికి ఇచ్చి పంపుతున్నాను. చూశాక ఆ వైరు తీసెయ్. దేవుడి మీద ఒట్టు, తీసెయ్.

ప్రణతి


మంథని,
8 అక్టోబరు 2023

ప్రణతీ,

మూడు వారాలు కలం ముట్టలేదు. ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తాను.

వైరు ఉంచి చూశాను: 84. విప్పి చూశాను: సున్నా. చుట్టాను, విప్పాను. ఎన్నిసార్లో తెలియదు. మీ అవ్వ గట్టు మీద నిలబడి చూస్తూనే ఉంది.

తర్వాత మండపంలో కూర్చుని లెక్క చేశాను. మోటారు నుంచి వచ్చేది సున్నా, ఫ్యూజులే లేవు కదా. భూమిలోకి పోయేది నాలుగు. నా వైరు మీద బాణం పైపు నుంచి మండపానికి గీశాను. భూమి శక్తి దేవుడి ఇంటికి వస్తుందనే కదా నేను మూడేళ్లు చెప్పింది. జవాబు మైనస్ నాలుగు వచ్చింది. కొట్టేసి మళ్లీ చేశాను. మళ్లీ మైనస్ నాలుగే. అంకె సరైనదేనని, అనుకున్న దిక్కే తప్పని అదే బల్ల మీద, అదే సుద్దముక్కతో గంటన్నర చెప్పినవాణ్ణి నేనే.

నీ రెండో నియమం కూడా సరిపోయింది. మండపంలో దిగినవి 146, పైపు మీద దిగినవి 84, మొత్తం 230. ఎవరూ ఒక్క వోల్టు దొంగిలించలేదు.

నాలుగు ఆంపియర్లూ నా దీపాల్లోంచి, నా ఫ్యాన్లలోంచి, నా మైకులోంచి పోయాయి. మా తమ్ముడు స్టార్టరు దించుకుని, పైపుకు కరెంటు లేదనుకుని చెయ్యి వేశాడు. జ్ఞానజ్యోతి వచ్చిందని నేను అన్నప్పుడు అది వాడి చేతికి కూడా వచ్చింది.

నాట్లు వేసే లస్మవ్వ దగ్గరికి పోయాను. ఆ సాయంత్రం ఆమె పక్క మడిలోనే ఉంది. "ముత్యం కేక వేశాడా?" అని అడిగాను. నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది: "మూడుసార్లేసిండు దొరా! మీ తమ్ముడు 'ఆఁ, ఎయ్యి' అన్నడు. నువ్వు గూడ ఇనే ఉంటవనుకున్న. నన్నెవలడిగిండ్రు?"

వైరు తీసేశాను. ఆ శనివారం మైకు లేకుండా, చీకట్లో నిలబడి చెప్పాను. "మీ ముందర నిలబడ్డవాడే హంతకుడు. ముత్యం కేక వేశాడు, చెవుడు నాది. వైరు నాది," అన్నాను. ఎవరైనా ఒక్క రాయి విసురుతారనుకున్నాను. వరసగా వచ్చి కాళ్లు మొక్కారు. తప్పు చేసినవాడి పాపాన్ని కూడా తన మీద వేసుకునే మహానుభావుణ్ణట నేను. ఒక ముసలమ్మ నా పాదాల దుమ్ము తీసి మనవడి నుదుట రాసింది. నేను అరిచిన కొద్దీ ఇంకా గట్టిగా మొక్కారు. ముప్పై ఏళ్లు నా మాట నమ్మడం నేర్పాను, ఈ ఒక్కటి నమ్మరు.

కోర్టుకు పోయేసరికి ఆలస్యమైంది. వకీలు కాగితం మీద రాసి చూపించాడు. ముత్యం సెప్టెంబరు ఇరవై తొమ్మిదిన తనే తప్పు ఒప్పుకున్నాడట. ఆనాటి కోర్టు ముగిసి జడ్జి లేచేదాకా నిలబెట్టి, జరిమానా వేసి పంపేశారట. "అయిపోయిన కేసును మళ్ల తోడితే ఏమొస్తది రావుసాబ్? ఇంట్ల కూసోని రామా అనుకోండ్రి," అని రాశాడు. నా లెక్క కాగితం చూశాడు. దాన్ని తిరగేసి, వెనకాల తెల్లగా ఉందని దాని మీద ఇంకెవరిదో ఫోను నంబరు రాసుకున్నాడు.

నీ ముందర నేను ఏమని సంతకం పెట్టాలి?

గోపాల్‌రావు


కరీంనగర్,
19 అక్టోబరు 2023

పెద్దబాపూ,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు తరగతికి పోలేదు. నీ మీద కోపం రావాలని చూశాను. వచ్చింది. పోవడం లేదు. నా మీద కూడా అంతే ఉంది. ఆగస్టులోనే నోరు తెరిచి ఉంటే ముత్యం మామ ఒప్పుకునేవాడు కాదు.

అవ్వ ఫోనులో ఇన్నాళ్లకు ఒక్క మాట అంది. "నాకెర్కనే బిడ్డా. లైట్లు వెలిగినప్పుడే పైపు కరుస్తదని పనోళ్లు అంటుంటే విన్న. మీ పెద్దబాపుదే తప్పని చెప్తే ఎవలు నమ్ముతరు?" అంది. మాట్లాడకపోవడానికి కారణం అదీ.

కోర్టు వద్దు, ఊరు వద్దు. ఆ నిజం తెలియాల్సిన మనిషి ఒక్కడున్నాడు. ఆసిఫాబాద్ పో. ముత్యం మామ ముందర కూర్చుని బొమ్మ గీసి చూపించు. ఆయనకు బాణాలు అర్థమవుతాయి, నీకన్నా నాకన్నా ముందు నుంచి తెలుసు. తన తప్పు లేదని ఆయన నోటితో అనాలి. ఆ మాట తీసుకుని రా, నేను ఇంటికి వస్తాను. అప్పటిదాకా నన్ను పిలవకు.

ప్రణతి


ఆసిఫాబాద్ బస్టాండు,
5 నవంబరు 2023

ప్రణతీ,

మంచిర్యాల బస్సుకు ఇంకా గంట ఉంది. ఒళ్లో సంచి పెట్టుకుని దాని మీద రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతాయి.

ముత్యం దొరికాడు. ఊరి చివర సైకిళ్లకు పంచర్లు వేస్తున్నాడు. గాలి కొట్టేది కూడా చేతి పంపుతోనే. నన్ను చూసి లేచి చేతులు కట్టుకున్నాడు. అతని భార్య మమతారాణి పీట వేసింది. అతను చెప్పింది నాకు వినపడేట్టు మమతారాణి నా చెవిలో అరుస్తూ, నేను అడిగింది అతనికి నేనే చెబుతూ, అట్లా మాట్లాడుకున్నాం.

నేల మీద బొగ్గుతో బొమ్మ గీశాను. పైపు, మోటారు, భూమి, నా వైరు. బాణం గీసి, మైనస్ నాలుగు చూపించి, బాణం తిప్పాను. అతను మోకాళ్ల మీద కూర్చుని శ్రద్ధగా చూశాడు. అతనికి క్షణంలో అర్థమైంది. ఒక చోట నా అంకె మసకబారితే తనే వేలితో దిద్దాడు. నీవు అన్నది నిజమే.

"లెక్క సక్కగున్నది దొరా," అన్నాడు. "గని నేను కేకెయ్యలే."

"వేశావు ముత్యం! లస్మవ్వ విన్నది. మా తమ్ముడు జవాబు కూడా చెప్పాడు," అన్నాను.

"లస్మవ్వ ముసల్ది, ఏరే దినం యాదిలున్నదేమో. నాకు మంచిగ యాదికున్నది దొరా. ఫ్యూజు చేతుల వట్టుకున్న. పొద్దు గూకుతున్నది, జల్ది ఇంటికి పోవాలె. కేకెయ్యకుంటనే ఏసిన. నువ్వు మైకుల చెప్పినట్టే, అచ్చం అట్లనే."

నేను మైకులో ఎట్లా చెప్పేవాణ్ణో నీకు తెలుసు కదా. చేతిలో ఫ్యూజు, గూకే పొద్దు, ఇంటికి పోయే తొందర. అవన్నీ నేను కల్పించినవి. కథ రక్తి కట్టాలని ప్రతి శనివారం ఒకటి కలిపాను. ఆసిఫాబాద్ పోకముందు అతను మూడు నెలలు మన ఊళ్లోనే ఉన్నాడు. మండపం మైకు అతని ఇంటి దాకా వినపడేది.

"మొదట్ల కేకేసిన అనే అన్నడు," అంది మమతారాణి. "నిద్రల గూడ కేకేసేటోడు. రాను రాను ఆగిపోయిండు. గిప్పుడు స్విచ్చు గూడ ముట్టడు. చీకటైతే నన్ను పిలుస్తడు."

నేను అతని కాళ్ల మీద పడబోయాను. అతను హడలి వెనక్కి జరిగాడు. పెద్దమనిషిని పాపంలో దించొద్దని చేతులు జోడించాడు. ఇక నాకు తోచింది ఒక్కటే. "ముత్యం, ఒక్కసారి వాకిట్లో నిలబడి ఆ కేక వేయి. అప్పట్లో ఎట్లా వేసేవాడివో అట్లా. నోరు తెరిస్తే అదే యాదికి వస్తుంది," అని బతిమాలాను.

ముందు వద్దని చెయ్యి ఊపాడు. తర్వాత నా మాట తీసేయలేక వాకిట్లోకి పోయాడు. రోడ్డు దిక్కు తిరిగి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. వీపు ఒక్కసారి బిగుసుకుంది. అంతే చూశాను. తర్వాత చేతులు దించి వచ్చి, పంచరు ట్యూబును మళ్లీ నీళ్లలో ముంచాడు.

కేక వేశాడా, లేక ఊరికే నిలబడ్డాడా? మమతారాణి వైపు తిరిగి అడిగాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది, మళ్లీ బయటికి రాలేదు.

కర్మ నడిచే దారి అంతు చిక్కదని భగవంతుడే అన్నాడు. ఆ మాట మీద నేను కనీసం వంద బోధలు చెప్పి ఉంటాను.

నీవు అడిగిన మాట నేను తేలేకపోయాను. కాబట్టి నిన్ను ఇంటికి పిలవను. ఈ నెల నీ పరీక్ష ఉంది, అది రాయి. ఎక్కడైనా మైనస్ వస్తే కొట్టేయకు.

ఆసిఫాబాద్‌లో ఆ వాకిట్లో ఏం జరిగిందని రేపు ఎవరైనా నన్ను సాక్ష్యం అడిగితే, ప్రణతీ, నేను మళ్లీ అదే చెప్పాలి. నేను అక్కడే ఉన్నాను. నాకు ఏ కేకా వినపడలేదు.

గోపాల్‌రావు